పాత వార్‌గేమింగ్ పత్రికలు పనికొస్తాయా? వస్తాయి, బల్ల పక్కన పెట్టుకుని చదివితే

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మినియేచర్ వార్‌గేమింగ్, అంటే చిన్న బొమ్మ సైనికులతో బల్ల మీద యుద్ధాలాడే ఆట, ఈ మధ్యే మొదలుపెట్టారు. ఆట మానేసిన స్నేహితుడొకరు పెట్టెడు పాత పత్రికలు ఇచ్చారు. అందులో తొంభైల నాటి వైట్ డ్వార్ఫ్‌లు, వార్‌గేమ్స్ ఇలస్ట్రేటెడ్‌లు, కొన్ని మినియేచర్ వార్‌గేమ్స్ సంచికలు ఉన్నాయి. ఫొటోలు చూస్తుంటే కళ్లు తిప్పుకోలేకపోతున్నారు కానీ, చదవడానికి కూర్చుంటే ఒక్క వ్యాసం కూడా మీ ఆటకు పనికొచ్చేలా కనిపించడం లేదు. రూల్స్ మారిపోయాయి, ఆ పేర్లతో రంగులు దొరకడం లేదు, బొమ్మల సైజు వేరు. వీటిని ఉంచుకోవాలా, ఎవరికైనా ఇచ్చేయాలా, కొత్త పత్రికకు చందా కట్టాలా అని అడిగారు.

ఉంచుకోండి. మీకు పాతబడినట్టు కనిపిస్తున్నవి పాయింట్లు (ఒక్కో దళానికి కట్టే విలువ), ఆర్మీ లిస్టులు (ఏ సైన్యంలో ఏ దళాలు పెట్టుకోవచ్చో చెప్పే జాబితాలు), రూల్ సవరణలు. అవి అచ్చయిన కొన్నేళ్లకే అందరికీ పాతబడ్డాయి. వాటిని నిశ్చింతగా దాటేయండి. మిగిలినదాంట్లో, ముఖ్యంగా సినారియోల్లో (ఒక యుద్ధాన్ని ఎలా ఆడాలో చెప్పే పథకాలు), బ్యాటిల్ రిపోర్టుల్లో (ఆడిన ఆట కథనాలు), టెర్రైన్ వ్యాసాల్లో (గుట్టలు, కంచెల్లాంటి రంగస్థలం తయారీ) ఉన్న సరుకు ఇప్పటికీ పనిచేస్తుంది. చిక్కల్లా ఎలా చదవాలన్న దగ్గరే. ఈ పత్రికలను కుర్చీలో వెనక్కి వాలి చదివితే సగమే దక్కుతుంది. ఆడే బల్ల మీద పరిచి, కొలిచే టేపు, డైస్, ఒక పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవాలి.

ముందు మీ పెట్టెలో ఏముందో తెలుసుకోండి, ఎందుకంటే ఆ మూడు పత్రికలూ ఒక జాతివి కావు. వైట్ డ్వార్ఫ్ 1977లో ఇయాన్ లివింగ్‌స్టన్ సంపాదకత్వంలో మొదలైంది. తొలి ఏళ్లలో ఎక్కువగా రోల్ ప్లేయింగ్ ఆటల గురించి, వేరే కంపెనీల ఆటల గురించి కూడా రాసేది. 1983లో వార్‌హామర్, 1987లో వార్‌హామర్ 40,000 అనే ఊహాలోక యుద్ధాల ఆటలు వచ్చాక, ఎనభైల చివరికల్లా పూర్తిగా దాన్ని అచ్చువేసే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ సొంత ఆటల పత్రికగా మారిపోయింది. కాబట్టి మీ దగ్గరున్న తొంభైల సంచికల్లో కొత్త బొమ్మల గురించి పొగడ్త తప్ప ఇంకోటి కనిపించదు. అది అమ్మేవాళ్లు రాసిన మాట అని గుర్తుంచుకుని చదివితే ఏ ఇబ్బందీ లేదు. పైగా ఊహాలోకాన్ని అంత వివరంగా, అంత ప్రేమగా కట్టిన పత్రిక మరొకటి నాకు కనబడలేదు.

మిగతా రెండూ చరిత్ర యుద్ధాల వైపు మొగ్గినవి. రెండింటినీ మొదలుపెట్టింది ఒక్కరే, డంకన్ మక్‌ఫార్లేన్. 1983లో మినియేచర్ వార్‌గేమ్స్, అది వదిలాక 1987లో వార్‌గేమ్స్ ఇలస్ట్రేటెడ్. వీటిలో రాసేది చాలావరకు మనలాంటి ఆటగాళ్లే. ఒకాయన నెపోలియన్ కాలం గుర్రపుదళాల మీద రాస్తే, ఇంకొకాయన తన క్లబ్బులో ఆడిన రోమన్ యుద్ధం మీద రాస్తాడు. భాష ఒక్కోసారి పొడిపొడిగా ఉంటుంది, మ్యాపులు చేత్తో గీసినట్టు ఉంటాయి. కానీ వెతుక్కోవలసిన సరుకు వీటిలోనే ఎక్కువ.

అసలు ఈ ఆట నిలబడిందే పత్రికల వల్ల. 1824 ప్రాంతంలో ప్రష్యా సైన్యం అధికారుల శిక్షణకు వాడిన క్రీగ్‌స్పీల్ అనే యుద్ధపు ఆట ఒక వైపు మూలమైతే, 1913లో ఆంగ్ల రచయిత హెచ్.జి.వెల్స్ బొమ్మ సైనికులతో నేల మీద ఆడే ఆటకు రూల్స్ అచ్చు వేయించడం ఇంకో వైపు మూలం. అయినా ఆ తర్వాత చాలాకాలం ఎక్కడి ఆటగాడు అక్కడ ఒంటరిగానే ఉండేవాడు. 1957లో అమెరికాలో జాక్ స్క్రూబీ తెచ్చిన చిన్న పత్రిక, 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ నడిపిన వార్‌గేమర్స్ న్యూస్‌లెటర్ వీళ్లను ఒకరికొకరిని కలిపాయి. రూల్స్ ఎలా ఉండాలి, ఆట ముఖ్యమా, వాస్తవికత ముఖ్యమా అన్న వాదనలన్నీ ఆ పేజీల్లోనే జరిగాయి. మీ పెట్టెలోని పత్రికల్లో ఉత్తరాల పేజీ ఉంటే వదిలిపెట్టకండి. ఈరోజు మీరు మీ ప్రత్యర్థితో పెట్టుకునే వాదనలు చాలావరకు అక్కడే కనిపిస్తాయి, చాలాసార్లు మనకంటే ఓపిగ్గా, మర్యాదగా రాసి ఉంటాయి.

ఇక ఫొటోలు. కొత్తవాళ్లను ఈ ఆటలోకి లాగేవీ అవే, నీరసపరిచేవీ అవే. ఒక డబుల్ పేజీ ఫొటోలో కనిపించే సైన్యం చాలాసార్లు ఒక మనిషి ఒక సీజనులో చేసింది కాదు. ఒక క్లబ్బు మొత్తం ఏళ్ల తరబడి వేసినవో, డబ్బు తీసుకుని రంగులు వేసే నిపుణులు వేసినవో, చాలా సేకరణల్లోంచి తెచ్చి పేర్చినవో అయి ఉంటాయి. ఫొటోలో డైస్ లేవు, టేపు లేదు, నష్టం లెక్కపెట్టే మార్కర్లు లేవు, వరసలన్నీ కెమెరా వైపు తిరిగి ఉన్నాయి అంటే అది ఆట మధ్యలో తీసింది కాదు, ఫొటో కోసం అమర్చింది. అందులో తప్పేమీ లేదు, చూడముచ్చటగా ఉండటం కూడా ఈ హాబీలో భాగమే. కానీ మీ బల్లను దానితో పోల్చుకుని దిగులుపడాల్సిన పని లేదు.

క్లోజప్‌లతో ఇంకో తిరకాసు ఉంది. 28 మిల్లీమీటర్ల బొమ్మ పేజీలో పది సెంటీమీటర్ల ఎత్తున అచ్చయిందంటే, అది అసలు సైజుకు మూడున్నర రెట్లు. అంత పెద్దగా చూపాలి కాబట్టి కనుపాపలు, గుండీల అంచులు, బెల్టు మీద కుట్లు కూడా వేస్తారు. మీరు ఆడేటప్పుడు ఆ బొమ్మను చేతికందే దూరం నుంచి, అది కూడా ఇరవై బొమ్మల గుంపులో ఒకదానిగా చూస్తారు. ఆ దూరానికి కావలసింది మూడు నాలుగు రంగుల మధ్య స్పష్టమైన తేడా, ముదురు నీడ, శుభ్రంగా పూర్తిచేసిన బేస్, అంటే బొమ్మ కాళ్ల కింది పలక. బేస్ అంచు నీటుగా ఉంటే రంగు కాస్త అటూ ఇటూ అయినా సైన్యం సైన్యంలాగే కనిపిస్తుంది.

రంగుల పేర్ల గురించి టెన్షన్ పడకండి. గేమ్స్ వర్క్‌షాప్ రంగుల బ్రాండు సిటడెల్ 2012లో తన రంగుల శ్రేణిని మార్చి, దాదాపు అన్నిటికీ కొత్త పేర్లు పెట్టింది. అందుకే మీ తొంభైల సంచికల్లో ఉన్న గాబ్లిన్ గ్రీన్ ఇప్పుడు ఆ పేరుతో కనిపించదు. పెయింటింగ్ గైడ్‌లో సీసా పేరు కాదు, క్రమం చూడండి. ఏ రంగు ప్రైమర్ (అన్నిటికంటే ముందు వేసే పూత) మీద మొదలుపెట్టాడు? బేస్‌కోట్ (దాని మీద వేసే అసలు రంగు) ఎంత ముదురు? వాష్ (నీడ కోసం వేసే పలచని రంగు) అంతటా వేశాడా, మడతల్లో మాత్రమేనా? హైలైట్ (వెలుగు పడే చోట వేసే లేత రంగు) కోసం అదే రంగులో తెలుపు కలిపాడా, పసుపు కలిపాడా? ఈ చివరి ప్రశ్న చాలామంది పట్టించుకోరు. ఎరుపులో తెలుపు కలిపితే గులాబీ అవుతుంది, అదే నారింజ వైపు లాగితే ఎరుపు ఎరుపుగానే వెలుగుతుంది. ఆకుపచ్చలో తెలుపు కలిపితే పాలిపోతుంది, పసుపు కలిపితే ఎండలో ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ సంగతి పాత గైడ్‌లో ఉన్నా కొత్త గైడ్‌లో ఉన్నా ఒక్కటే, మీ దగ్గర ఏ కంపెనీ రంగులున్నా పనిచేస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి, సినారియోలకు వస్తాను. నా లెక్కలో ఒక సంచికకు పెట్టిన డబ్బు తిరిగి వచ్చేది ఇక్కడే. కానీ జనం ఎక్కువగా దాటేసేదీ దీన్నే, ఎందుకంటే తమ రూల్స్ పేరు పైన కనిపించదు.

సినారియోలో యూనిట్ల (కలిసి కదిలే బొమ్మల దళాల) బలాబలాల అంకెలు చూడకండి, నిష్పత్తులు చూడండి. ఒక ఉదాహరణతో చెబుతాను. పత్రికలోని సినారియో ఆరు అడుగులు బై నాలుగు అడుగుల బల్ల మీద రాశారు అనుకుందాం. దాడి చేసేవాడికి ఎనిమిది యూనిట్లు, కాచుకునేవాడికి నాలుగు. పట్టుకోవలసిన వంతెన దాడి మొదలయ్యే అంచు నుంచి 36 అంగుళాల దూరంలో ఉంది. ఆట ఎనిమిది టర్న్‌లు. నాలుగో టర్న్‌లో కాచుకునేవాడికి మరో రెండు యూనిట్లు వస్తాయి. ఆ రచయిత వాడిన రూల్స్‌లో కాల్బలం టర్న్‌కు ఆరంగుళాలు నడుస్తుంది.

పెన్సిలు తీయండి. 36ను ఆరుతో భాగిస్తే ఆరు టర్న్‌ల నడక. ఎనిమిదిలో ఆరు పోతే పోరాటానికి మిగిలింది రెండు. అంటే రచయిత ఉద్దేశం దాడి చేసేవాడు తీరిగ్గా కాల్పులు జరుపుతూ కూర్చోకూడదు, పరుగెత్తాలి అని. నాలుగో టర్న్ అయ్యేసరికి అతను 24 అంగుళాలు వచ్చి ఉంటాడు, అంటే మూడింట రెండు వంతుల దారి. సరిగ్గా అప్పుడే ఎదుటివాడికి సాయం అందుతుంది. ఇదీ ఆ సినారియో గుండెకాయ. ఇప్పుడు మీ రూల్స్‌లో కాల్బలం ఎనిమిదంగుళాలు నడుస్తుందనుకోండి. 36 అంగుళాలు దాటడానికి అయిదు టర్న్‌లు చాలు. దానికి రెండు కలిపి ఆటను ఏడు టర్న్‌లకు కుదించండి. 24 అంగుళాలు మూడు టర్న్‌ల్లో వచ్చేస్తారు కాబట్టి సాయం మూడో టర్న్‌లోనే దింపండి. బలాల నిష్పత్తి రెండుకు ఒకటి అలాగే ఉంచండి. రూల్స్ మారినా అదే ఉత్కంఠ మీ బల్ల మీదకు వచ్చేస్తుంది. ఈ లెక్క వేయకుండా సినారియోను ఉన్నదున్నట్టు దింపేస్తే దాడి చేసేవాడు సునాయాసంగా గెలుస్తాడు, తప్పు పాపం సినారియో మీదకు పోతుంది.

బొమ్మల సైజు వేరు అన్నది ఇంకా చిన్న సమస్య. 28 మిల్లీమీటర్లకు రాసినదాన్ని 15 మిల్లీమీటర్లలో అలాగే ఆడుకోవచ్చు, మైదానం కాస్త విశాలంగా కనిపిస్తుంది, అంతే. మీ దగ్గర 6 మిల్లీమీటర్ల బొమ్మలుండి పెద్ద బల్ల లేకపోతే అంగుళాలన్నిటినీ సెంటీమీటర్లుగా చదువుకోండి. ఆరు బై నాలుగు అడుగుల యుద్ధభూమి 72 బై 48 సెంటీమీటర్లలో ఒదిగిపోతుంది. బేస్‌లు మాత్రం ఆ దూరాలకు తగినంత చిన్నవిగా ఉండాలి.

చరిత్ర సినారియోల్లో ఇంకో ఆనందం ఉంది. రచయిత ఏది ఉంచాడు, ఏది వదిలేశాడు అన్నది చూడటం. వాటర్లూనే తీసుకోండి. 1815 జూన్ 18న నెపోలియన్ దగ్గర సుమారు 73,000 మంది, ఎదురు నిలిచిన బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ దగ్గర సుమారు 68,000 మంది ఉన్నారు. ఒక బొమ్మ ఇరవై మందికి సమానం అనుకున్నా రెండు వైపులా కలిపి ఏడు వేల బొమ్మలు కావాలి, సాయంత్రం వెల్లింగ్టన్‌కు తోడుగా వచ్చిన ప్రష్యన్లను ఇంకా కలపకుండానే. అందుకే పత్రికల్లో యుద్ధం మొత్తం అరుదు, వెల్లింగ్టన్ సైనికులు కాచుకున్న ఊగుమాన్ అనే గోడల బంగళా మీద దాడి మాత్రం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. గోడలు, తోట, అడవి, ఒక ద్వారం, కొన్ని యూనిట్లు, చాలు. ఆ పూట ఫ్రెంచ్ సైనికులు కొందరు ఉత్తరపు తలుపు పగలగొట్టి లోపలికి చొరబడ్డారు. మెక్‌డానెల్ అనే బ్రిటిష్ అధికారి కొద్దిమందితో ఆ తలుపును తోసి మూసేశాడు, లోపల చిక్కుకున్నవాళ్లు దాదాపు అందరూ చనిపోయారు. ఇప్పుడు మీ దగ్గరున్న సినారియోలో ఈ ఘట్టాన్ని రచయిత ఏం చేశాడో చూడండి. తలుపుకు ప్రత్యేకంగా ఒక డైస్ రూల్ పెట్టాడా? మూయడానికి ఎవరైనా ఒక టర్న్ వెచ్చించాలన్నాడా? అసలు పట్టించుకోకుండా గోడలో ఇంకో భాగంగా వదిలేశాడా? చరిత్ర పుస్తకంలోని ఒక్క వాక్యం ఆటలో రూల్‌గా మారడం కళ్లముందు చూస్తే, ఆ తర్వాత మీ సొంత సినారియో రాయడానికి ధైర్యం వస్తుంది.

బ్యాటిల్ రిపోర్టుల దగ్గరా ఇలాగే కొంచెం పని పెట్టుకోవాలి. కథలా చదివితే ఎవరు గెలిచారో తెలుస్తుంది, అంతకు మించి ఏమీ మిగలదు. మొదటి పేజీలోని మ్యాపు, రెండు సైన్యాల వివరాలు మాత్రం చదివి, మిగతా పేజీల మీద ఒక అట్ట పెట్టేయండి. మీరైతే ఎవరిని ఎక్కడ నిలబెట్టేవారో కాగితం మీద గీయండి. తర్వాత అట్ట తీసి వాళ్ల మోహరింపు చూడండి. తేడా ఉన్న చోటే పాఠం ఉంటుంది. తన గుర్రపుదళాన్ని అడవి వెనక ఎందుకు దాచాడు? మీరు ముందు పెట్టిన ఫిరంగిని అతను గుట్ట పక్కకు ఎందుకు జరిపాడు? కారణం వెంటనే దొరక్కపోతే మూడో టర్న్‌కల్లా దొరుకుతుంది. తొంభైల వైట్ డ్వార్ఫ్ రిపోర్టులు దీనికి భలే పనికొస్తాయి. ఆటగాళ్లిద్దరూ ముందు తమ ప్లాన్ చెప్పి, చివర్లో ఏం జరిగిందో తమ తమ వైపు నుంచి రాస్తారు. మొదట చెప్పిన ప్లాన్, చివర రాసిన మాట పక్కపక్కన పెట్టి చదవండి.

‘డైస్ కలిసిరాలేదు’ అన్న మాట ఎక్కడ కనిపించినా ఆగి లెక్క వేయండి. పన్నెండు డైస్ వేశాడు, అయిదు గానీ ఆరు గానీ పడితే దెబ్బ తగిలినట్టు అనుకుందాం. సగటున నాలుగు తగలాలి. రెండే తగిలాయని వాపోయాడు. కానీ రెండు లేదా అంతకంటే తక్కువ తగలడం అయిదారు సార్లలో ఒకసారి జరిగే సంగతే, అంత ఘోరమైన దురదృష్టమేమీ కాదు. ఆ ఒక్క కాల్పు మీదే ప్లాన్ మొత్తం నిలబెట్టడమే అసలు లోపం. ఇది పట్టుకోవడం అలవాటైతే మీ ఆట మారుతుంది. నేను నా క్లబ్బులో కొత్తవాళ్లకు రూల్ పుస్తకం కంటే ముందు మంచి బ్యాటిల్ రిపోర్ట్ చేతికిచ్చేది ఇందుకే.

టెర్రైన్ వ్యాసాలకు కాలదోషం దాదాపు లేదు. గుట్ట, కంచె, వాగు, పొలం తయారుచేసే పద్ధతులు పెద్దగా మారలేదు. పీవీఏ జిగురు (ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు), ఇసుక, అట్ట, ఫోమ్, పాత బ్రష్ ఉంటే చాలు. రెండు జాగ్రత్తలు మాత్రం చెప్పాలి. తెల్ల థర్మాకోల్ మీద మామూలు స్ప్రే పెయింట్ నేరుగా కొట్టకండి, అందులోని సాల్వెంట్ థర్మాకోల్‌ను తినేస్తుంది. ముందు పీవీఏ పూత వేసి పూర్తిగా ఆరనివ్వండి. రెండోది, పెట్టెలో పత్రికలతో పాటు పాత లోహపు బొమ్మలు కూడా వచ్చి ఉంటే, పాత పోతల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఆకురాయితో రాస్తే పొడి లేస్తుంది. మాస్కు పెట్టుకుని, తడిపి రాయండి, పని అయ్యాక చేతులు కడుక్కోండి, పిల్లలకు అందనివ్వకండి.

ప్రకటనలు, ప్రదర్శనల విశేషాలు తిరగేస్తే చాలు.

చందా గురించి. ఇప్పుడే ఏడాదికి కట్టకండి. మీరు ఆడేది వార్‌హామర్ అయితే వైట్ డ్వార్ఫ్, చరిత్ర అయితే వార్‌గేమ్స్ ఇలస్ట్రేటెడ్ గానీ, నెదర్లాండ్స్ నుంచి కార్వన్‌సరాయ్ సంస్థ తెచ్చే వార్‌గేమ్స్, సోల్జర్స్ అండ్ స్ట్రాటజీ గానీ విడిగా ఒక సంచిక తీసుకుని చూడండి. చివరిదాంట్లో ప్రతి సంచికకూ ఒక ప్రధానాంశం ఉంటుంది, కాబట్టి మీరు ఆడే చరిత్ర కాలానికి సంబంధించినది ఎంచుకోవడం సులువు. పీడీఎఫ్ అయితే మ్యాపు పెద్దది చేసుకోవచ్చు, చోటు పట్టదు. కానీ రంగు అంటిన చేతులతో పేజీ తిప్పుకోవడానికి కాగితమే నయం. వార్‌గేమ్స్ ఇలస్ట్రేటెడ్ కొన్ని సంచికలతో ప్లాస్టిక్ స్ప్రూ (కత్తిరించి అతికించుకునే బొమ్మల భాగాల చట్రం) ఉచితంగా ఇస్తుంది. అది చూసి కొనకండి. ఆ అయిదారు బొమ్మలకు తోడుగా మరో నలభై కొనాలనిపిస్తుంది, అవి ఇప్పటికే రంగు వేయకుండా పడి ఉన్న గుట్ట మీద చేరతాయి. కొత్త పత్రిక ప్రతిసారీ ఒక కొత్త యుద్ధం మీద మోజు పుట్టిస్తుంది, అది దాని పని. ఏదైనా సైన్యం మీద మనసు పడితే పేరు నోట్‌బుక్‌లో రాసి, తర్వాతి సంచిక వచ్చేదాకా ఆగండి. అప్పటికీ అదే కావాలనిపిస్తే కొనండి.

మ్యాపులు, గైడ్‌లు కత్తిరించి ఫైలు చేసుకోవచ్చా అని కూడా అడిగారు. వద్దు. పూర్తిగా ఉన్న పాత సంచికలను సేకరించేవాళ్లు ఉన్నారు, చిరిగిన పేజీ మళ్లీ అతుక్కోదు. ఫోనుతో ఫొటో తీసుకుని ప్రింటు వేసుకోండి. దానితో పాటు ఒక సూచిక తయారుచేయండి: సంచిక నంబరు, పేజీ, సినారియోనా టెర్రైనా రిపోర్టా, ఎంత బల్ల కావాలి, ఎన్ని యూనిట్లు. ఆ చివరి రెండు గడులు తప్పకుండా పెట్టండి. ఆడటానికి స్నేహితుడు వస్తానని పొద్దున ఫోన్ చేసినప్పుడు మీరు వెతికేది రోమన్లా, నెపోలియనా అని కాదు, నాలుగడుగుల బల్ల మీద ఆరు యూనిట్లతో ఆడగలిగేది ఏదీ అని.